మనవరాలి పేరు మీద ఆడిన చదరంగం

మా క్లబ్బు చాంపియన్‌షిప్ ఆఖరి రౌండు చూడటానికి ఆ ఆదివారం అమలాపురంలో రెండు వందల మంది వచ్చారు. మెట్ల మీద కూడా జనం నిలబడ్డారు. ఈ మాట ఇప్పటికి చాలామందికి చెప్పి ఉన్నాను కాబట్టి కలం కూడా అలవాటు కొద్దీ అలాగే రాసేసింది. నిజానికి పాతికమంది ఉంటారు. అందులో ఆడేవాళ్ళే ఎక్కువ. మెట్ల మీద నిలబడ్డది ఒకే ఒక్కడు. కింద కొబ్బరి మండీలో కాటా వేసే మనిషి, ఫోనుకి సిగ్నల్ కోసం ఎక్కాడు.

జనం సంగతి పెంచి చెప్పాను గాని నా గుండె దడ మాత్రం పెంచింది కాదు. ఎదురుగా కూర్చున్నది మా వియ్యంకుడు, అంటే మా అమ్మాయికి మామగారు. గోడ దగ్గర కుర్చీ మీద ఇత్తడి కప్పు తళతళలాడుతోంది. దాని వంక ఇద్దరం చూడలేదు. మేం ఆడుతున్నది కప్పు కోసం కాదు. వచ్చే శుక్రవారం మా ఇంట్లో బారసాల. ఉయ్యాల్లో పడుకోబోయే మనవరాలికి పేరెవరు పెట్టాలన్నదే ఆ బల్ల మీద తేలాలి.

పేరు పెట్టే హక్కు మగపెళ్ళివారిది. అది నాకూ తెలుసు. వియ్యంకుడు అప్పనపల్లి బాలబాలాజీకి మొక్కుకుని ఒక పేరు అనుకున్నాడు. నేను మా అమ్మ పేరు పెట్టమన్నాను. ఆ రెండు పేర్లూ ఇక్కడ రాయను. రాస్తే ఏది బాగుందో మీరు తీర్పు చెప్పడం మొదలెడతారు.

మా అమ్మ పేరు మీద నాకంత పట్టుదల ఎందుకంటే, ఆ పేరుని ఎవరూ సరిగ్గా వాడలేదు. మా నాన్న ఆవిణ్ణి ‘ఏమే’ అనేవాడు. మేం ‘అమ్మా’ అన్నాం. ఊళ్ళోవాళ్ళు ఫలానావారి భార్య అన్నారు. పురోహితుడు సంకల్పంలో ఏడాదికోసారి పలికేవాడేమో. కొత్త చీర పెట్టెలో మడత విప్పకుండా ఉండిపోయినట్టు ఆ పేరు అలాగే ఉండిపోయింది. ఒక్కసారైనా దాన్ని వీధిలో నిలబడి, అన్నానికి రమ్మని గట్టిగా పిలవాలని నా కోరిక.

ఈ మాట వియ్యంకుడితో చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. దానికి బదులు, ‘బోర్డు మీద తేల్చుకుందామా బావగారూ?’ అన్నాను.

ఆయనది ఉప్పలగుప్తం వైపు. రొయ్యల చెరువులున్నాయి. చెరువు గట్టు మీద కూర్చుని నీటి రంగు చూస్తూ గంటలు గడిపే మనిషి, మాట్లాడ్డం తక్కువ. కాఫీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడన్నాడు.

‘మొక్కుని పందెంలో పెట్టకూడదండి.’

‘భయమేస్తే చెప్పండి.’

‘భయం కాదండి. సరే, కానివ్వండి. ఓడిపోతే మీరు ఊరంతా తిరిగి ఇంకోలా చెప్పకూడదు. ఆయ్?’

‘ఆయ్,’ అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి, ‘అది మాత్రం ఆయన వల్ల కాదండీ అన్నయ్యగారూ,’ అంది.

అలా ఇద్దరం చాంపియన్‌షిప్‌కి పేర్లిచ్చాం. ఎవరు పైన నిలిస్తే వాళ్ళ మాట చెల్లాలి. మిగతా రౌండ్లన్నీ గడిచేసరికి ఇద్దరం సమానంగా ఉన్నాం. ఆఖరి రౌండులో మాకిద్దరికే పడింది.

ఉదయం ఆటలు మొదలయ్యే ముందు, క్లబ్బులో పెద్దవాణ్ణి కదా అని నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నా చేతికి మైకివ్వడం క్లబ్బువాళ్ళు ఏటా చేసే పొరపాటు. చదరంగం పుట్టింది మన కోనసీమలోనే అన్నాను. ఏనుగులు గోదావరి బురదలో దిగబడిపోతాయి కాబట్టి మన పూర్వులు ఆ గడిలో పడవ పెట్టుకుని ఆడారన్నాను. వెనక వరసలోంచి వియ్యంకుడు, ‘పడవకి తెరచాప కూడా ఉండేదాండీ?’ అన్నాడు. అందరూ నవ్వారు. ఉండేదని చెప్పాను.

పడవ సంగతి పూర్తిగా కల్పన కాదు. ఏనుగు గడిలో ఉండేదాన్ని బెంగాలీలు పడవంటారని ఎక్కడో చదివాను. దాన్ని కాస్త దక్షిణానికి లాక్కొచ్చాను, అంతే. కోనసీమలో పుట్టిందనడం మాత్రం శుద్ధ అబద్ధం. ఉత్తరాదిలో ఎక్కడో, గుప్తుల కాలం నాటికి, రథ గజ తురగ పదాతులు అనే నాలుగు అంగాల సైన్యాన్ని గళ్ళ గుడ్డ మీదకి దించారంటారు. అక్కణ్ణించి అది పారశీక దేశం వెళ్ళింది, అరబ్బుల చేతిలో పడింది, సముద్రాలు దాటింది. మన మంత్రి పాపం, ఆ రోజుల్లో మూలగా ఒక్క గడి కదిలేవాడట. పడమటి దేశాలవాళ్ళు ఆయనకి గౌను తొడిగి రాణిని చేశారు. అప్పట్నుంచి ఆవిడ బలం ఇంతా అంతా కాదు.

అంతకన్నా పాత ఆటలు చాలా ఉన్నాయి. ఈజిప్టు సమాధుల్లో చనిపోయినవాళ్ళ పక్కన ఆటబల్లలు పెట్టేవారట, పైలోకంలో పొద్దుపోవడానికి. మన వైపు పాత గుళ్ళ మండపాల్లో రాతిపలకల మీద పులి-మేక గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆడవాళ్ళకి అష్టాచమ్మా, వామనగుంటలు. అష్టాచమ్మాలో గవ్వలు వేస్తాం, పచ్చీసుకీ అంతే. ఓడిపోతే గవ్వ సరిగ్గా పడలేదనొచ్చు. చదరంగంలో ఆ గవ్వ లేదు, పాచిక లేదు. అది తీసేసిన మహానుభావుడెవరో గాని, ఓడినవాడి చేతిలోంచి సాకు కూడా లాగేసుకున్నాడు. నాలాంటివాడికి అంతకన్నా అన్యాయం ఇంకోటి లేదు.

నాకు ఆట నేర్పింది మా అమ్మ. మా ముక్తేశ్వరం ఇంట్లో మగవాళ్ళు వీధి అరుగు మీద ఆడుతుంటే, ఆవిడ తలుపు చాటున నిలబడి నేర్చుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి గచ్చు మీద ముగ్గుపిండితో గళ్ళు గీసేది. చింతపిక్కలు బంట్లు, వక్కలు రాజులు, పసుపుకొమ్ములు ఏనుగులు. జిల్లాలో ఆవిణ్ణి ఓడించినవాడు లేడని నేను చెబుతూ ఉంటాను. నాతోనూ తోడికోడళ్ళతోనూ తప్ప ఆవిడ ఎవరితోనూ ఆడలేదు. ఓడించడానికి జిల్లాకి అవకాశమే రాలేదు.

మా వీధిలో ఆటకొక పద్ధతి ఉండేది. ఆటకట్టు పడగానే గెలిచినవాడు ‘ఓడిపోయేరు’ అని నోటితో అనకూడదు. ముందు తన రాజునే మెల్లిగా పక్కకి పడుకోబెట్టాలి. అవతలివాడు అది చూసి, విషయం గ్రహించి, తన రాజుని కూడా పడుకోబెడతాడు. ఎవరి రాజూ చచ్చినట్టు కాదు, ఇద్దరూ కునుకు తీసినట్టు. అరుగు మీద మేనమామతో, మామగారితో, ఊరి పెద్దలతో ఆడేవాళ్ళు పెట్టుకున్న మర్యాద అది. వంటింట్లో అమ్మ కూడా అలాగే చేసేది. వక్కని అలా పక్కకి ఒరిగించి నా వంక చూసేది. నేను నా వక్కని ఒరిగించేవాణ్ణి.

వియ్యంకుడితో ఇంట్లో ఆడినప్పుడు ఇది ఆయనకీ అలవాటు చేశాను. మొదటిసారి చూసినప్పుడు, ‘మర్యాదకి చచ్చిపోతారండీ మీ ముక్తేశ్వరం వాళ్ళు,’ అన్నాడు. తర్వాత్తర్వాత ఆయనా పడుకోబెట్టడం మొదలెట్టాడు.

ఇక ఆ ఆదివారం మధ్యాహ్నానికి వద్దాం.

కింద మండీలోంచి ఎండిన కురిడీ కొబ్బరి వాసన పైకి కొడుతోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గాని గాలి కిందకి దిగడం లేదు. ఆర్బిటరుగా, అంటే ఆటకి తీర్పరిగా, కాకినాడ నుంచి వచ్చిన అమ్మాయి చెప్పులు చప్పుడవకుండా బల్లల మధ్య తిరుగుతోంది. మిగతా ఆటలన్నీ అయిపోయి, అందరూ మా బల్ల చుట్టూ చేరారు. మా ఇంటావిడా వియ్యపురాలుగారూ గోడవారగా ఒకే బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. ఒకరి చేతిలో ఒకరి చెయ్యి ఉంది. ఎవరు గెలవాలని ఎవరు మొక్కుకున్నారో నాకు తెలియదు.

నేను దాడి మీదున్నాను. ఆ దాడి కోసం ముందే ఒక గుర్రాన్ని వదిలేసుకున్నాను. ఆలోచించే వదిలానని ఊరంతా చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, అది పొరపాటున పోయింది. పోయాక దానికొక ఆలోచన కల్పించాను. అయినా దాడి బాగానే కుదిరింది. వియ్యంకుడి రాజు మూల దగ్గర, తన బంట్ల వెనకాలే ఇరుక్కుని ఉన్నాడు. నా ఏనుగుకి నిలువు బాట ఖాళీగా ఉంది. ఆఖరి వరసకి ఏనుగుని తోస్తే రాజుకి షా, అంటే చెక్. ముందుకి కదలడానికి సొంత బంట్లే అడ్డం. పక్కకి కదిలినా ఏనుగు దారిలోనే.

ఒకటికి రెండుసార్లు చూశాను. అరచేతులు పంచెకి తుడుచుకున్నాను. గడియారంలో నా అంకెలు తరిగిపోతున్నాయి. మా అమ్మ పేరు నాలిక చివరికొచ్చి కూర్చుంది.

ఏనుగుని ఆఖరి వరస దాకా తోశాను. గడియారం నొక్కాను. ఎదురుగా ఉన్న పెద్దమనిషిని చూశాను. మామగారి హోదాలో ఉన్నవాడు, మా అమ్మాయిని కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నవాడు. ఆయన మొహం మీద ‘ఆటకట్టు’ అనడానికి నా నోరు రాలేదు. నా చెయ్యి తనంతట తనే లేచి, నా రాజుని పట్టుకుని, మెల్లిగా పక్కకి పడుకోబెట్టింది.

చుట్టూ ఉన్నవాళ్ళంతా బల్ల మీదకి వంగారు. మెచ్చుకోలు అనుకున్నాను.

వియ్యంకుడు తన రాజుని ముట్టుకోలేదు.

ఆర్బిటరు అమ్మాయి గబగబా వచ్చి గడియారం ఆపింది. పడుకున్న నా రాజుని చూసింది. నా వంక తిరిగి చాలా మెల్లిగా అడిగింది.

‘అంకుల్, మీరు రిజైన్ చేసేరా?’

అప్పుడు గాని నాకు వెలగలేదు. ఈ గదిలో రాజుని పడుకోబెట్టడమంటే ఓటమి ఒప్పుకోవడం. ప్రపంచమంతటా అదే అర్థం. మా వీధి అరుగు మీద తప్ప. అయినా ఆటకట్టు పడ్డాక రాజు పడుకుంటే ఏమిటి, నిలబడితే ఏమిటి? ఆట అయిపోయింది కదా? మరి ఈ అమ్మాయి ఎందుకడుగుతోంది?

ఆట అయిపోయి ఉంటే ఆ అమ్మాయి అడగదు. బోర్డు మీద నాకు కనపడనిదేదో ఆ అమ్మాయికి కనపడుతోంది. కళ్ళు పెద్దవి చేసుకుని వెతికాను. గళ్ళన్నీ కలిసిపోయి ఒకే మచ్చలా కనపడ్డాయి.

‘అంకుల్?’

నోరు తెరిచాను. జీవితంలో నాకు మాట రాని సందర్భాలు చాలా తక్కువ. మా ఇంటావిడ బెంచీ మీంచి లేచి నిలబడింది.

వియ్యంకుడు నా వంక చూశాడు. తర్వాత బోర్డు వంక చూశాడు. చెరువు నీళ్ళు చూసినట్టు చాలాసేపు చూశాడు. ఒక్క మాటంటే ఆట ఆయనది. మాట కూడా అక్కర్లేదు, ఊరికే తలూపితే చాలు. మొక్కు తీరిపోతుంది, పేరు ఆయనదైపోతుంది.

‘లేదమ్మా,’ అన్నాడు. ‘బావగారి చెయ్యి తగిలి పడిందమ్మా.’

ఆ అమ్మాయి నా వంక తిరిగింది. ‘అంతేనాండీ?’

అబద్ధాలు చెప్పడంలో నాకున్న అనుభవం అంతా ఇంతా కాదు. పడవకి తెరచాప కట్టినవాణ్ణి. అలాంటిది ఆ ఒక్క చిన్న అబద్ధం ఇంకొకరు అల్లిపెడితే చెప్పాను.

‘ఆయ్,’ అన్నాను. ‘తగిలిందమ్మా.’

‘అయితే నిలబెట్టండి. ఇంకోసారి చూసుకుని ఆడండి.’

రాజుని నిలబెట్టాను. ఆ అమ్మాయి గడియారం మళ్ళీ నడిపించింది. ఎత్తు వియ్యంకుడిది. ఆయన చెయ్యి చాచాడు. అది రాజు దగ్గరకి వెళ్ళలేదు. బోర్డుకి ఈ చివర, నా వైపు మూల దగ్గర, ఎప్పట్నుంచో ఊరికే నిలబడి ఉన్న ఆయన శకటు దగ్గరకి వెళ్ళింది. మూలగా నడిచే శకటు బోర్డంతా ఒక్క గీతలో దాటుకుంటూ వెనక్కి వెళ్ళి, నా ఏనుగుకీ ఆయన రాజుకీ మధ్య అడ్డంగా నిలబడింది.

షా లేదు. ఆటకట్టు లేదు. అసలెప్పుడూ లేదు.

గెలిచానని మర్యాద చేశానే, ఆ గెలుపు కూడా నేను పెంచి చెప్పిందే. ఈసారి ఊరికి కాదు, నాకు నేనే చెప్పుకున్నాను.

తర్వాత ఏం జరిగిందో చెప్పడానికి పెద్దగా లేదు. నాకు ఒక గుర్రం తక్కువ, దాడి చల్లారింది. అయినా ప్రాణం పెట్టి ఆడాను. ఒక బంటుని నాలుగు వైపుల నుంచి కాపాడాను, ఉన్న ఏనుగుని పరుగులు పెట్టించాను. ప్రతి ఎత్తుకీ గడియారం నా చొక్కా పట్టుకుని లాగుతున్నట్టే ఉంది. వియ్యంకుడు తొందరపడలేదు. నా బంట్లని ఒక్కొక్కదాన్నే, వల లాగేవాడు చేపని ఏరినట్టు ఏరేశాడు. చివరకి నా రాజు మూలలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఈసారి నిజంగా ఆటకట్టు.

ఆయన చెయ్యి తన రాజు మీదకి వెళ్ళబోయింది. నేను బోర్డు మీద చెయ్యి అడ్డంపెట్టాను.

‘వద్దండి. ఇక్కడ అలా చెయ్యకూడదు,’ అన్నాను. నా రాజుని నేనే పడుకోబెట్టాను, లోకం పద్ధతిలో.

కప్పు కూడా ఆయనకే ఇచ్చారు.

మెట్లు దిగేటప్పుడు, మండీలో కురిడీల గుట్ట పక్కన ఆయన్ని ఆపాను. ఆడవాళ్ళిద్దరూ ముందు వెళ్ళి ఆటో మాట్లాడుతున్నారు.

‘బావగారూ, శకటు మీకు ముందే కనపడిందా?’

‘మీరు ఏనుగు ముట్టుకోకముందే కనపడిందండి.’

‘మరి తగిలి పడిందని ఎందుకు చెప్పేరు? ఊరుకుంటే గెలిచేసేవారు కదా.’

ఆయన కప్పుని చంకలోంచి తీసి రెండో చంకలోకి మార్చుకున్నాడు.

‘మీ వీధి లెక్కలో రాజుని ముందు పడుకోబెట్టినవాడు గెలిచినట్టు కదండీ? మీరు గెలవలేదు. ఆ లెక్క నేను ఒప్పుకోను. ఈ అమ్మాయి లెక్కలో మీరు ఓడినట్టు. మీరు ఓడానని చెప్పలేదు. అదీ ఒప్పుకోను. ఇంక ఆడ్డం తప్ప ఏముందండీ?’

‘అయినా...’

‘అయినా లేదు గియినా లేదండి. ఆ రాజు పడిపోయినందుకు పేరు పెట్టేననుకోండి. పిల్ల పెళ్ళయ్యేదాకా మీరు గడియారస్తంభం దగ్గర నిలబడి, గెలిచినవాణ్ణి నేనే, మర్యాదకి పోయి పేరొదులుకున్నాను అని చెప్తారు. నాకు తెలీదాండీ మీ సంగతి? నన్ను బతకనిస్తారా?’

నవ్వుదామనుకుని మానేశాను. అప్పుడు, ఆ కొబ్బరి గుట్ట పక్కన నిలబడి, మా అమ్మ పేరు సంగతి చెప్పాను. నాన్న ‘ఏమే’ అనడం, ఊరు ఇంకోలా అనడం. ఏమీ పెంచలేదు. ఆయన విన్నాడు.

‘ముందే చెప్పొచ్చు కదండీ,’ అన్నాడు.

‘చెప్తే ఇచ్చేసేవారా?’

ఆయన ఆలోచించాడు. ‘ఇచ్చేసేవాణ్ణి కాదండి. మొక్కు. కాని ఆడేవాణ్ణి కూడా కాదు. మీతో కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుకునేవాణ్ణి.’ కప్పు వంక చూసి, ‘ఇప్పుడు ఆడేసేం కదండీ,’ అన్నాడు.

ఆటో వచ్చింది. ఎక్కాం.

శుక్రవారం బారసాల. మా ముందుగదిలో పళ్ళెం నిండా బియ్యం పోసి, వియ్యంకుడు బంగారపుటుంగరంతో పేరు రాశాడు. ఆయన చేతిరాత అంత గుండ్రంగా ఉంటుందని నాకు తెలియదు. తర్వాత ఒక్కొక్కరే ఉయ్యాల దగ్గరకి వెళ్ళి, పిల్ల చెవిలో ఆ పేరు మూడుసార్లు చెబుతున్నారు. చెవిలో చెప్పేది చెప్పేవాడికీ పిల్లకీ తప్ప ఇంకెవరికీ వినపడదు.

ఆదివారం రాత్రి నుంచీ నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. చెవిలో నేనేం చెబితే ఎవరికి తెలుస్తుంది? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, అమ్మ పేరు చెప్పేస్తే? మా ఆవిడ నా మొహం చూసే పసిగట్టింది. ‘ఏవండీ, చెవిలో సొంత పైత్యం పెట్టకండి,’ అని గొణిగింది.

నా వంతు వచ్చింది. ఉయ్యాల తాడు పట్టుకుని వంగాను. సాంబ్రాణి వాసన. పిల్ల చెవి ఎండు ద్రాక్ష అంత ఉంది. ఎదురుగా, ఉయ్యాలకి అవతల వియ్యంకుడు నిలబడి ఉన్నాడు. నా కళ్ళలోకి ఒకసారి చూశాడు. తర్వాత కావాలనే మొహం పక్కకి తిప్పుకుని, కిటికీలోంచి పెరట్లోకి చూస్తూ నిలబడ్డాడు. నా ఇష్టం అన్నట్టు.

తిప్పుకోకపోయి ఉంటే చెప్పేసేవాణ్ణేమో.

ఊపిరి తీసుకున్నాను. బియ్యంలో రాసిన పేరే చెప్పాను. అదీ వీధి మలుపు దాకా వినపడేటట్టు చెప్పాను. పిల్ల ఉలిక్కిపడి కెవ్వుమంది. మా అమ్మాయి, ‘నాన్నా!’ అంటూ ఉయ్యాల మీదకి వంగింది. ‘చెవిలో చెప్పమన్నారండీ, చెవి పగలగొట్టమన్లేదు,’ అంది మా ఆవిడ. వియ్యపురాలుగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

వియ్యంకుడు ఇటు తిరిగాడు.

‘వినపడిందండీ బావగారూ,’ అన్నాడు.

ఇంకా రెండుసార్లు మిగిలాయి. పిల్లని కాస్త ఊరుకోబెట్టి, మళ్ళీ వంగి, మెల్లిగా చెప్పాను. అదే పేరు.